అటకమీది పాటల పుస్తకాలు... అవే రేపటికి సాక్ష్యాలు!

సినిమా పిచ్చోడని పేరుపడ్డవాడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుండేవాడు. చేలో పని ఎగ్గొట్టి డేరా సినిమాకు పోయేవాడు. కొత్త సినిమా పాటల పుస్తకం కొనందే ఇంటికి వచ్చేవాడు కాదు. ఏ సినిమా ఏ సంవత్సరంలో వచ్చిందో, ఏ పాట ఎవరు పాడారో అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. "ఈ కాగితాలు కూడు పెడతాయిరా?" అని ఇంట్లోవాళ్ళు తిట్టినా దులిపేసుకునేవాడు. ఆ కాగితాలన్నీ ఒక రేకుపెట్టెలో చేరేవి. కాలక్రమంలో ఆ పెట్టె అటకెక్కింది.

కూడు పెట్టాయో లేదోగాని, ఆ కాగితాలకు ఇప్పుడు విలువ వచ్చింది. తెలుగులో తొలినాటి సినిమాలు చాలావాటికి ఫిల్ము ప్రింట్లు మిగల్లేదు. అవి ఎలా ఉండేవో చెప్పడానికి ఇలాంటి కాగితాలే దిక్కు.

కృష్ణాజిల్లాకు పాత చుట్టరికం

సినిమాతో కృష్ణాజిల్లా చుట్టరికం నిన్నమొన్నటిది కాదు. బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతి సినిమా హాలు కట్టింది 1921లో. అప్పటికి సినిమాకింకా మాటలు రాలేదు. ఎన్.టి. రామారావు పుట్టింది నిమ్మకూరులో. అక్కినేని నాగేశ్వరరావుది గుడివాడ దగ్గరి రామాపురం. ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న చౌటపల్లిలో పుట్టారు. తర్వాత సినిమా పంపిణీ కంపెనీలన్నీ విజయవాడ గాంధీనగరంలో చేరాయి. రీళ్ళ పెట్టెలు అక్కడినుంచే ఊళ్ళకు బయలుదేరేవి. 2022లో జిల్లా విడిపోయినప్పుడు విజయవాడ వెళ్ళిన కొత్త జిల్లాకు ఎన్టీఆర్ పేరే పెట్టారు.

పక్క ఊరి కుర్రాడే వెండితెరమీద రాజూ రాముడూ అయ్యాడంటే పల్లెలకు పిచ్చి పట్టక ఏమవుతుంది?

డేరాలో దొరికిన చదువు

కోతలయ్యాక ఊరి బయట డేరా లేచేది. సాయంత్రం మైకులో ఘంటసాల పాడిన వేంకటేశ్వరుని భక్తిగీతం వినిపిస్తే చాలు, ఆట మొదలవబోతోందని చుట్టుపక్కల నాలుగూళ్ళకు తెలిసిపోయేది. బండ్లు కట్టుకుని వచ్చేవారు. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు. ఆడవాళ్ళకు ఒక పక్క, మగవాళ్ళకు ఒక పక్క.

డేరాలో ఒక్కటే మిషను. రీళ్ళు అయిపోయినప్పుడల్లా ఆట ఆపి, లైట్లు వేసి, కొత్తవి ఎక్కించాలి. అందుకే ఒక్క సినిమాకు మూడు నాలుగు ఇంటర్వెల్లులు వచ్చేవి. ఆ సందులోనే సోడాలు, వేరుశనక్కాయలతోపాటు పాటల పుస్తకాలు అమ్మేవారు. పల్చని కాగితం, ముఖచిత్రంగా హీరో హీరోయిన్ల బొమ్మ. లోపల నటీనటుల పేర్లు, సాంకేతిక నిపుణుల పేర్లు, పాటలు, కథాసంగ్రహం ఉండేవి. కథ సరిగ్గా పట్టుమీద ఉన్నప్పుడు ఆపేసి, మిగతాది వెండితెరపై చూడమనేవారు.

అక్షరాలు కూడబలుక్కునే వాళ్ళకు ఆ పుస్తకమే వాచకమయింది. కాస్త చదువుకున్నవాళ్ళకు మరో ప్రపంచం తెరిచింది. తెరమీద కనిపించేవాళ్ళేగాక, కనిపించనివాళ్ళూ ఉంటారని దాంట్లోనే తెలిసింది. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' సంగతే చూడండి. మామూలు ప్రేక్షకుడు రామారావును, రంగారావును, సావిత్రిని చూసి వచ్చాడు. మన సినిమా పిచ్చోడు మాత్రం స్టూడియోలో వెన్నెల కాయించిన మార్కస్ బార్ట్‌లీ పేరు కనిపెట్టాడు. కొత్త కొత్త మాటలు పుట్టించిన పింగళి నాగేంద్రరావును కనిపెట్టాడు. ఘటోత్కచుని భోజనం పాటలో గొంతు మాధవపెద్ది సత్యానిదని పోల్చుకున్నాడు. సంగీతం ఘంటసాలదని ఉన్నా, నాలుగు పాటల వరసలు ముందు సాలూరి రాజేశ్వరరావు కట్టినవని తెలుసుకుని, రచ్చబండ దగ్గర పందేలు కాశాడు.

పిల్లల పిచ్చి మరో దారి. ప్రింటు తెగినప్పుడు ఆపరేటరు అతికించగా మిగిలిన ఫిల్ము ముక్కలకోసం డేరా వెనక కాపు కాసేవారు. గోలీలిచ్చి మార్చుకునేవారు. మాడిపోయిన బల్బులో నీళ్ళుపోసి, అద్దంతో ఎండను మళ్ళించి, చీకటి గదిలో తెల్లపంచె మీద ఆ బొమ్మను పెద్దది చేసి చూసేవారు. వెలుగు వంగి బొమ్మ ఎలా తలకిందులవుతుందో బడిలో చెప్పకముందే వాళ్ళకు తెలిసిపోయింది.

చెవులతో చూసిన సినిమా

డేరా ఏడాది పొడుగునా ఉండదు. మిగతా రోజుల్లో రేడియోయే దిక్కు. అయితే 1952లో కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టింది. శాస్త్రీయ సంగీతం వినాలన్నది ఆయన ఉద్దేశం. జనం మాత్రం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. గరగరల మధ్య మీనాక్షి పొన్నుదురై గొంతు వినిపిస్తే తెలుగు పాటలు వస్తున్నాయని అర్థం. సముద్రం అవతలి స్టేషను మన పాటలు వేస్తుంటే మన స్టేషను ఎంతకాలం ఊరుకుంటుంది? చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధభారతి ప్రారంభించింది.

ఆ తర్వాత పోస్టుకార్డుల సంబరం మొదలయింది. ఒక పాట కోరుతూ ఊరి కుర్రాళ్ళంతా కలిసి కార్డు రాసేవారు. పాటకన్న ముందు చదివే పేర్లలో తమ పేరు, తమ ఊరి పేరు వినపడితే పండగే. పటంలో లేని పల్లెలు కూడా రేడియోలో వినిపించాయి.

ఈ పిచ్చిలో ఆడవాళ్ళేమీ వెనకబడి లేరు. డేరాకు పోవడానికి వాళ్ళకు అంత స్వేచ్ఛ ఉండేది కాదు. అయితేనేం, రేడియో దగ్గర నోటుబుక్కు పెట్టుకుని పాట రాసుకునేవారు. ఒకసారికి పల్లవి, మరోసారికి మొదటి చరణం దొరికేవి. తప్పిపోయిన మాటకోసం మళ్ళీ ఆ పాట వచ్చేదాకా వారాల తరబడి కాచుకునేవారు. లీల గొంతేదో, సుశీల గొంతేదో, జిక్కీ గొంతేదో మొదటి గమకంలోనే చెప్పేవారు. పుట్టింటినుంచి అత్తింటికి చీరలతోపాటు ఆ నోటుబుక్కూ వెళ్ళేది.

మైకుసెట్టు నేర్పిన పద్యం

పెళ్ళయినా, జాతరయినా, శ్రీరామనవమి పందిరయినా మైకుసెట్టు ఉండాల్సిందే. పాటలే కాదు, సినిమా మాటల రికార్డులూ వేసేవారు. 1977 జనవరి 14న విడుదలైన 'దానవీరశూర కర్ణ' డైలాగులు ఊరూరా మోగాయి. రామారావు కర్ణుడుగా, దుర్యోధనుడుగా, కృష్ణుడుగా మూడు వేషాలు కట్టి తానే దర్శకత్వం వహించిన చిత్రమది. మాటలు కొండవీటి వెంకటకవి రాశారు. సంస్కృత సమాసాలతో నిండిన ఆ పొడుగాటి సంభాషణలను బడిముఖం చూడని పాలేర్లు, గొర్రెల కాపర్లు పొల్లుపోకుండా అప్పజెప్పేవారు. పంతుళ్ళు బెత్తం పట్టుకున్నా నోటికి రాని ఒత్తులు మైకు ముందు వాటంతటవే పలికాయి. సినిమా పిచ్చి జనాన్ని చెడగొట్టిందనే పెద్దలు ఈ సంగతి కూడా లెక్కలో వేయాలి.

ఒక కాగితం మార్చిన తేదీ

ఇంతకీ ఈ కాగితాల అవసరమేమిటి? తెలుగువారి తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ఉదాహరణ చాలు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. సురభి కమలాబాయి అందులో నటించారు. ఆ సినిమా 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు అందరూ నమ్మారు. ఏటా ఆ తేదీనే తలచుకున్నారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఏళ్ళ తరబడి నాటి పత్రికలు, సెన్సారు వివరాలు గాలించారు. సెన్సారు అయిందే 1932 జనవరి 22న అని, బొంబాయిలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని తేల్చారు. సెన్సారు కాకముందే విడుదల ఎలా అవుతుంది? పాత కాగితం నోరు విప్పితే తేదీయే మారిపోయింది.

ఆ సినిమా చూసి నిర్ధారించుకుందామంటే ప్రింటే లేదు. తెలుగువారి ఆ తొలి టాకీని మళ్ళీ చూసే భాగ్యం ఎవరికీ లేదు. ఇదొక్కటే కాదు, మూకీలు, తొలి టాకీలు ఎన్నో ఇలాగే పోయాయి. అప్పటి ఫిల్ము నైట్రేటుతో చేసింది. నిప్పురవ్వ తగిలితే భగ్గుమనేది. తగలకపోయినా వేడికి, చెమ్మకు జిగురుగా మారి పొడి అయ్యేది. కొన్నింటిని అందులోని వెండికోసం కరిగించేశారు. ఆడి డబ్బు తెచ్చిన సినిమాను మళ్ళీ ఎవరడుగుతారన్నది ఆనాటి వ్యాపారం ఆలోచన.

పిచ్చే పెద్దదయితే...

అడిగేవాళ్ళు లేకపోలేదు. తిరువనంతపురం కుర్రాడు పి.కె. నాయర్ చిన్నప్పుడు సినిమా టికెట్ల ముక్కలు, బరువు తూచే మిషను చీటీలు దాచుకునేవాడు. పెద్దయ్యాక ఆ అలవాటే వృత్తి అయింది. 1964లో పుణెలో ఏర్పాటైన భారత జాతీయ చలనచిత్ర భండారాన్ని పెంచి పెద్దచేసింది ఆయనే. సుమారు 12 వేల చిత్రాలు సేకరించారు. అందులో 8 వేల దాకా భారతీయ చిత్రాలే. దాదాసాహెబ్ ఫాల్కే తీసిన మూకీల్లో మిగిలిన భాగాలు ఈ తరానికి దక్కాయంటే ఆయన చలవే. 2016 మార్చిలో నాయర్ కన్నుమూశారు.

తెలుగువారిలో వి.ఎ.కె. రంగారావు ఉన్నారు. బొబ్బిలి జమీందారీ కుటుంబంలో పుట్టి, పాత గ్రామఫోను రికార్డుల వెంట పడ్డారు. 40 వేలు దాటిన ఆయన రికార్డుల సేకరణ లిమ్కా బుక్కుకెక్కింది. ఎవరో అమ్మేసిన పాత సామాను మరొకరి చేతిలో పడి జాతి సంపద అయింది.

పల్లెటూరి సినిమా పిచ్చోడికి జమీందారీ లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు. రేకుపెట్టె ఒక్కటే ఉంది. అయితే ఆ పెట్టెలో ఉన్న పుస్తకం మరెక్కడా లేకపోవచ్చు. ఇప్పుడా పెట్టెలకే గండం వచ్చిపడింది. పెద్దాయన పోతాడు, ఇల్లు పడగొట్టి కొత్తది కడతారు, అటకమీది సామానంతా పాతసామాన్లవాడి తూకానికి పోతుంది. చెదలు తిన్నంత తిని మిగిల్చింది బజ్జీల పొట్లాలయిపోతుంది.

దాచేవారికి నాలుగు మాటలు

పెట్టెను నేలకు, గోడకు ఆనించకుండా ఎత్తుమీద పెట్టాలి. ఎండిన వేపాకు గుడ్డలో మూటగట్టి పెట్టెలో ఉంచితే పురుగు దరిచేరదు. పచ్చి ఆకు వేస్తే చెమ్మ పడుతుంది. చిరిగిన పుటలకు జిగురు టేపు అంటించకూడదు. కొన్నాళ్ళకు ఆ టేపే కాగితాన్ని పసుపు పట్టించి తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. అది మళ్ళీ ఊడిరాదు. గుండుసూదులు, పిన్నులు తుప్పుపట్టకముందే తీసేయాలి.

ఇప్పుడు చేతిలో ఫోను లేని ఇల్లు అరుదు. పగటి వెలుతురులో ఒక్కో పుటను, ముఖ్యంగా పేర్లున్న పుటలను, అచ్చువేసిన ప్రెస్సు పేరున్న వెనక అట్టను ఫొటో తీసి నలుగురికి పంపితే, అసలు పోయినా నకలు మిగులుతుంది. ఎవరు కొన్నారు, ఏ ఊరి డేరాలో కొన్నారు, ఏ ఏడాది అన్నది పెన్సిలుతో చీటీమీద రాసి జతచేయాలి. అడిగి చెప్పించుకోవడానికి ఆ పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు.

ఆడవాళ్ళ నోటుబుక్కులనూ ఈ లెక్కలో మరవకూడదు. అచ్చయిన పుస్తకానికి వేల ప్రతులు ఉండివుంటాయి. చేతిరాత పుస్తకానికి రెండో ప్రతి లేదు. అమ్మమ్మ పెట్టెలో అలాంటిది కనపడితే, పాతసామాన్లవాడి తక్కెడలో వేసే ముందు ఒక్కసారి తెరిచి చూడాలి.