ఎమ్‌సీల్ ఎందుకు ఊడిపోతుంది?

కుళాయి పైపు కారుతుంటే హార్డ్‌వేర్ షాపుకెళ్ళి ఎమ్‌సీల్ తెచ్చి పెట్టని ఇల్లు మన దగ్గర తక్కువ. పెట్టిన వారానికే ఊడి చేతికొచ్చిందని తిట్టుకోని ఇల్లూ తక్కువే. చాలాసార్లు లోపం సరుకులో ఉండదు, దాన్ని మనం చూసే తీరులో ఉంటుంది. బంకమట్టి ఆరినట్టు, ఫెవికాల్ ఆరినట్టు అదీ ఆరుతుందనుకుంటాం. కానీ ఎమ్‌సీల్ ఎపాక్సీ ముద్ద, అది ఆరదు.

నీళ్ళు ఇగిరిపోయి గట్టిపడే పదార్థాలు ఒక తెగ. కొండపల్లి బొమ్మల కళాకారులు వాడే మక్కు ఆ తెగదే. తెల్లపొణికి కర్రతో విడివిడిగా చెక్కిన చేతుల్నీ తలనీ ఒంటికి అతకడానికి రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి ముద్ద చేస్తారు. దానిలోని తడి గాలికి పోయేకొద్దీ ముద్ద బిగుస్తుంది, పోయిన తడి మేరకు కాస్త కుంచించుకుంటుంది, మళ్ళీ నానబెడితే మెత్తబడుతుంది.

ఎపాక్సీ దారి వేరు. ప్యాకెట్లో రెండు ముద్దలుంటాయి: ఒకటి రెజిన్, రెండోది హార్డెనర్. వాటిలో మెత్తటి ఖనిజపు పొడులు కలపడం వల్లే జిగురులా జారిపోకుండా ముద్దగా నిలుస్తాయి. రెజిన్ అణువుల కొసల్లో రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి ముక్కోణపు కడియంలా ఉంటాయి. ఆ కడియం ఒత్తిడిలో బిగుసుకుని ఉంటుంది కనుక సందు దొరికితే తెరుచుకుంటుంది. హార్డెనర్‌లో సాధారణంగా ఉండే అమీన్ల జాతి అణువులు దాన్ని తెరిచి అక్కడే అతుక్కుంటాయి. ఒక్కో హార్డెనర్ అణువు ఇలా పలు రెజిన్ అణువులను పట్టుకుంటుంది. అన్ని వైపులా అల్లుకుపోయి చివరికి ముద్ద మొత్తం ఒకే వల అవుతుంది. బయటికి ఇగిరిపోయేది దాదాపు ఏమీ లేదు కాబట్టి కుంచించుకోవడం చాలా తక్కువ. అల్లిక పూర్తయ్యాక ఎంత వేడిచేసినా కరిగి మళ్ళీ ముద్ద కాదు.

ఇది తెలిస్తే ప్యాకెట్ మీది సూచనలు ఎందుకున్నాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు భాగాలూ సమానంగా తీసుకోమంటారు. ఎందుకు? ప్రతి కడియానికీ ఒక జోడీ కావాలి. ఏది ఎక్కువైనా ఆ ఎక్కువైనది జోడీ దొరకక వల మధ్యలో మెత్తగా మిగిలిపోతుంది. ‘తొందరగా గట్టిపడాలి, ఇంకాస్త హార్డెనర్ వెయ్యి’ అనే మాట డెంటింగ్ షాపుల నుంచి వచ్చి ఉండవచ్చు. కారు సొట్టలకు పెట్టే పాలియెస్టర్ పుట్టీలో హార్డెనర్ చిటికెడే పడుతుంది, అక్కడ అది చర్యను మొదలుపెట్టే పదార్థం మాత్రమే, కాస్త పెంచితే పని తొందరగా అవుతుంది కూడా. ఎపాక్సీలో హార్డెనర్ వలలో సగం పోగు. పెంచితే వేగం కాదు, బలహీనత వస్తుంది. కొన్ని రకాలకు కొలత వేరుగా ఉంటుంది కాబట్టి ప్యాకెట్ ఒకసారి చదవడం మంచిది.

పిసకడం కూడా అంతే. చపాతీ పిండిలా రెండు మూడు నిమిషాలు మడిచి, సాగదీసి, మళ్ళీ మడవాలి. చారలు కనబడినంతసేపూ అక్కడ జోడీలు కుదరలేదన్నమాట. రంగు పూర్తిగా ఒక్కటయ్యేదాకా ఆపకూడదు. వారానికే ఊడిన ముద్దను విరిచి చూడండి, లోపల రెండు రంగుల చారలు చాలాసార్లు కనిపిస్తాయి.

చర్య మొదలయ్యాక వేడి పుడుతుంది, పెద్ద ముద్దయితే చేతికే తెలుస్తుంది. బయటి వేడి ఆ చర్యను ఇంకా తరుముతుంది. పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క. కనుక రెంటచింతల మే నెలలో చేతిలోనే బిగుసుకునే ముద్ద, లంబసింగి డిసెంబరులో గంట దాటినా మెత్తగా ఉండవచ్చు. ఎండాకాలంలో కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. తాకితే గట్టిగా ఉందని వెంటనే బరువు మోపకూడదు. మామూలు రకాలకు పూర్తి బలం రావడానికి సుమారు 24 గంటలు పడుతుంది.

ఇక పైపు సంగతి. ముద్దకు బలం ఎంతున్నా అది పట్టుకోవడానికి ఒక ఒళ్ళు కావాలి. తుప్పు, పాత రంగు, జిడ్డు, తడి వీటిలో ఏది మధ్యలో ఉన్నా ముద్ద దాన్నే పట్టుకుంటుంది గానీ పైపును పట్టుకోదు. అందుకే ముందు వాల్వు కట్టేసి నీళ్ళు దించెయ్యాలి. పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. కలిపిన ముద్దను ముందు పగుల్లోకి నొక్కాలి, తర్వాత చుట్టూ రెండు మూడు వేళ్ళ వెడల్పున పట్టీలా వెయ్యాలి. పైన నునుపు చెయ్యడానికి వేలు తడి చేసుకోవచ్చు, దాంతో ముద్ద వేలికి అంటదు. ఆ తడి పైనే ఉండాలి, అడుగున కాదు. నీళ్ళు కారుతుండగానే పెడితే ముద్ద గట్టిపడేలోపు నీరు తన దారి తాను చేసుకుంటుంది, ఆ సన్నని దారి అలాగే నిలిచిపోతుంది. మర బిగించే చోట కారుతుంటే ఇది వద్దనే నా సలహా. టెఫ్లాన్ టేపు చుట్టి మళ్ళీ బిగిస్తే సరిపోతుంది. అక్కడ ఎపాక్సీ పెట్టారా, రేపు ఆ మర విప్పాలంటే రంపం తేవాల్సిందే.

ఇనుము, ఇత్తడి, రాయి, కర్ర, టెర్రకోట, పింగాణీ, గరుకు చేసిన పీవీసీ, వీటన్నిటికీ ఇది బాగా అంటుకుంటుంది. ప్లాస్టిక్ బకెట్లకూ మిద్దె మీది నల్ల ట్యాంకులకూ అంటదు. అవి పాలీప్రొపిలీన్, పాలీఇథిలీన్‌లతో చేసినవి, వాటి పై పొర దేన్నీ దగ్గరికి రానివ్వదు. ట్యాంకు పగిలితే వేడితో అతికేవాళ్ళను పిలవడమే దారి.

వేడి దగ్గర కూడా దీనికి హద్దుంది. మామూలు రకాలు 60, 70 డిగ్రీలు దాటితే పట్టు సడలడం మొదలవుతుంది. గీజరు పైపుకు, ఇస్త్రీపెట్టెకు, కుక్కరు పిడికి ఇది పనికిరాదు. గ్యాసు గొట్టం, రెగ్యులేటర్ల జోలికి అసలు పోకూడదు, అవి మార్చాల్సినవే తప్ప అతికేవి కావు. పూర్వం బిందెకు చిల్లి పడితే మాటు వేయించేవారు. ఆ పని దీంతో కానిద్దామనుకునేవారు, అది తాగే నీళ్ళకో వంటకో వాడే పాత్ర అయితే మానుకోవాలి. ఆహారం తగిలేచోట వాడటానికి చేసిన సరుకు కాదిది. నిజానికి ఎపాక్సీ చరిత్రలో ఒక మలుపు నోటిలోనే ఉంది. 1930లలో స్విట్జర్లాండ్‌లో పియెర్ కాస్టాన్ అనే రసాయన శాస్త్రవేత్త పళ్ళసెట్లకు పదార్థం వెతుకుతూ ఈ దారి పట్టాడు. ఆ పనిని సీబా అనే సంస్థ అందిపుచ్చుకుంది, అరాల్డైట్ జిగురు దాన్నుంచే వచ్చింది.

చేతుల గురించి ఎవరూ పట్టించుకోరు గానీ, పట్టించుకోవాలి. కలవని ఎపాక్సీ కొందరి చర్మానికి అలర్జీ తెస్తుంది. మొదటిసారే రావాలని లేదు, పదేపదే తగిలాక ఒకరోజు దురద, దద్దుర్లు మొదలవుతాయి. వచ్చాక సాధారణంగా వదలదు. నైట్రైల్ గ్లవుజులు వేసుకోండి. కొబ్బరినూనె రాసుకుని కలిపేవాళ్ళున్నారు, ఆ నూనె ముద్దలోకి దిగి పట్టును చెడగొడుతుంది. చేతికి అంటితే సబ్బుతో కడగాలి, థిన్నర్‌తో తుడిస్తే అది చర్మంలోకి ఇంకా ఇంకుతుంది. గట్టిపడ్డాక రుద్దేటప్పుడు దుమ్ము పీల్చకుండా మాస్కు ఉండాలి, తడి చేసి రుద్దితే ఇంకా నయం.

బొమ్మలు, అలంకరణ పనులకు మోల్డిట్ లాంటి తెల్ల రకాలు దొరుకుతాయి, అల్లిక అదే. కచ్ ప్రాంతంలో గుండ్రటి ఇళ్ళ గోడల మీద మట్టి, పేడ కలిపి, అద్దాలు పొదిగి చేసే లిప్పన్ పనిని ఇప్పుడు మన ఊళ్ళలో చెక్క పలకల మీద ఈ ముద్దతోనే చేస్తున్నారు. ఇందులో కిటుకంతా సమయానిదే. కలిపిన కొత్తలో జిగటగా ఉంటుంది, అతకడానికి అదే అదును. కాసేపటికి వేలి ముద్రలు నిలిచేంత బిగువు వస్తుంది, పూరేకులు అప్పుడు చెయ్యాలి. ఇంకాస్త ఆగితే తోలులా అవుతుంది, ఆకు ఈనెలు చాకుతో అప్పుడు గీస్తే గీత అంచు చిట్లదు. ఒకే ముద్దతో మూడు పనులూ చెయ్యాలని చూసేవాళ్ళకు మూడూ పాడవుతాయి, విడివిడిగా కలుపుకోవడమే మేలు. పెద్ద బొమ్మకు లోపల తీగ, అల్యూమినియం ఫాయిల్‌తో ఆకారం కట్టి పైన పలుచగా పొదగాలి. ఖర్చు, బరువు రెండూ తగ్గుతాయి. నిన్నటి పొర మీద నేడు ఇంకో పొర వెయ్యాలంటే ముందు గరుకు చెయ్యాలి. యాక్రిలిక్ రంగులు బాగా పడతాయి. రంగు లేకుండా ఎండలో ఉంచితే మాత్రం పసుపెక్కి, పై పొర సుద్దలా రాలుతుంది. వినాయకచవితి విగ్రహానికి వద్దు, అది చెరువులో ఎన్నేళ్ళయినా కరగదు.

బొమ్మల కొలువుకు దించినప్పుడు చెయ్యి విరిగిన మట్టి బొమ్మ కనిపిస్తే ఇది చక్కగా పనికొస్తుంది. పాత కొండపల్లి బొమ్మకైతే నేను మక్కుకే ఓటేస్తాను. మక్కును తడిపి విప్పి రేపు ఇంకో మంచి చెయ్యి మళ్ళీ అతకవచ్చు, ఎపాక్సీని విప్పబోతే కర్రే చీలుతుంది. పాత వస్తువుల సంరక్షకులు కూడా తిరిగి తీయగలిగే అతుకులనే కోరుకుంటారు.

మిగిలిన రెండు భాగాలనూ ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా చుట్టి, గాలి తగలని డబ్బాలో పెట్టండి. కలిపాక మిగిలిన ముద్దను పూర్తిగా గట్టిపడనిచ్చి చెత్తబుట్టలో వెయ్యండి, సింకులో మాత్రం కడగవద్దు.