బురుజు నుంచి రైతు ఇంటి దాకా

ఈ భాగం చదివిన తరువాత మీరు, పాత బురుజు అవశేషాలు కలిసి ఉన్న రైతు ఇంటిని గుర్తించగలుగుతారు. దాని పరిరక్షణలోని సమస్యను చర్చించగలుగుతారు.

1. నేపథ్యం

ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు ప్రాంతంలో 16వ శతాబ్దం చివరి దాకా పశువుల కోసం దాడులు తరచుగా జరిగేవి. అందువల్ల స్థితిమంతులు రాతి బురుజులు కట్టుకున్నారు. తెలంగాణ గ్రామాల్లో మీరు చూసే బురుజు ప్రధానంగా కావలి కోసం కట్టినది. ఇక్కడి బురుజు కుటుంబం నివసించే ఇల్లు కూడా. కింది అంతస్తులో సరుకులు, పై అంతస్తుల్లో మనుషులు ఉండేవారు. 1535లో స్కాట్లండు పార్లమెంటు ఒక శాసనం చేసింది. దాని ప్రకారం 100 పౌన్ల విలువగల భూమి ఉన్నవారు 60 అడుగుల చదరపు ప్రహరీ కట్టాలి. ఆపద వేళ ప్రజలు తమ సొత్తుతో అందులో తలదాచుకోవాలి. లోపల బురుజు కట్టడం యజమాని ఇష్టం.

2. మార్పు

1603లో రెండు దేశాలకు ఒకే రాజు వచ్చాడు. దాడులను అణచివేశారు. బురుజుతో అవసరం తగ్గింది. కొన్నింటిని రాళ్ళ కోసం పడగొట్టారు. మరికొన్నింటిని ఆనుకొని ఇల్లు, పశువుల కొట్టం, ధాన్యపు కొట్టు వెలిశాయి. ఈ వ్యవసాయ కట్టడాల సముదాయాన్ని స్కాట్లండులో 'స్టెడింగ్' అంటారు. కొన్నిచోట్ల బురుజు పక్కన ఇల్లు అంతకుముందే వచ్చింది. ఇంగ్లండులోని కంబ్రియాలో కెంట్‌మియర్ హాల్ ఇందుకు ఉదాహరణ. అక్కడ 14వ శతాబ్దపు బురుజు శిథిలమైంది, దాన్ని ఆనుకొన్న రైతు ఇల్లు నిలిచి ఉంది. మత ప్రబోధకుడు బెర్నార్డ్ గిల్పిన్ 1517లో అక్కడే జన్మించాడు.

3. గుర్తించే విధానం

మిగతా గోడల కన్నా బాగా మందమైన గోడ, సన్నని కిటికీ, కింది గదికి రాతి కమాను కప్పు బురుజు ఆనవాళ్ళు. రెండు గోడలు కలిసే చోట రాళ్ళు ఒకదానిలో ఒకటి ఇమడకుండా నిలువు గీత కనిపిస్తే, అవి వేర్వేరు కాలాల్లో కట్టినవని భావించవచ్చు.

4. పరిరక్షణ సమస్య

బురుజు స్పష్టంగా కనబడాలని కొట్టాన్ని తొలగించవచ్చా? తొందరపడకండి. రైతు వాడుకోవడం వల్లనే ఆ గోడ ఇంతకాలం నిలిచి ఉండవచ్చు. కట్టడంలో అన్ని కాలాల విలువైన చేర్పులనూ గౌరవించాలని 1964 నాటి వెనిస్ చార్టర్ చెబుతుంది. కాబట్టి కొట్టం చరిత్రను కప్పిన మురికి కాదు, ఆ చరిత్రలో ఒక అధ్యాయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒక పాత కట్టడాన్ని పరిశీలించండి. అందులో ఎన్ని దశలు కనిపిస్తున్నాయి? వాటిలో దేన్నైనా తొలగిస్తే ఏ సమాచారం పోతుంది?