డాక్టరు సీటుకు ఆప్షన్లు పెట్టుకోవడం ఎలా?



మొన్న భోజనాల దగ్గర ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, ఎంబీబీఎస్‌కి ఎన్ని యూనివర్సిటీలకు అప్లికేషన్లు పెట్టాలి?" అని. నేనూ నిరుడు అలాగే అనుకునేవాణ్ణి, కాలేజీకొక ఫారం ఉంటుందని. లేదు. మన రాష్ట్రంలో 2017 నుంచి ఎంబీబీఎస్‌కు ఎంసెట్ పోయి నీట్ ర్యాంకే లెక్క. ప్రభుత్వ కాలేజీల్లో నూటికి 85 సీట్లకు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి, మిగిలిన 15కి ఢిల్లీ కమిటీకి విడివిడిగా దరఖాస్తు చెయ్యాలి. ఎస్టీలకు రాష్ట్రంలో 6 శాతం, ఢిల్లీ కోటాలో 7.5 శాతం. రెండూ పెట్టండి.

అసలు చిక్కు కాలేజీల పేర్లు వరుసగా పెట్టేటప్పుడు వస్తుంది. మా ఊరి అక్కకు మంచి ర్యాంకే వచ్చింది. గాజువాకలో నెట్ సెంటరాయన "నీ ర్యాంకుకి వైజాగు రాదమ్మా" అని ఆంధ్రా మెడికల్ కాలేజీని అడుగున పెట్టేశాడు. సీటు ఎక్కడో దూరం జిల్లాలో వచ్చింది. తీరా చూస్తే అక్క కంటే వెనక ర్యాంకు ఎస్టీ అమ్మాయికి ఇక్కడే వచ్చింది! అక్క ఆ రోజంతా అన్నం తినలేదు.

కంప్యూటరు ర్యాంకు ప్రకారం ఒక్కొక్కరినీ పిలిచి, వారి జాబితా పైనుంచి చదువుతుంది. ఖాళీ ఉన్న మొదటి కాలేజీ దగ్గర ఆగిపోతుంది. కింద ఏముందో చూడదు. అందుకని రాదనుకున్నది పైన పెట్టినా నష్టమేమీ లేదు. వెళ్ళకూడదనుకున్నది మాత్రం పైన పెట్టొద్దు. రెండో విడతలో అది వస్తే ముందు వచ్చిన సీటు దానంతటదే రద్దయిపోతుంది.

2023లో వచ్చిన కొత్త కాలేజీల్లో కన్వీనరు సీట్లతో పాటు లక్షల ఫీజు సీట్లు కూడా పెట్టారు. ఏ కోటాయో చదివి టిక్ పెట్టండి. కుల ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకోండి. ఇంటర్‌తో కలిపి చివరి నాలుగేళ్ళు వరుసగా ఇక్కడ చదివామని చూపిస్తే లోకల్.

నా వరుస చెబుతాను. మొదటిది 1923 నాటి ఆంధ్రా మెడికల్ కాలేజీయే. మా నాయనమ్మను కేజీహెచ్‌లో చేర్చినప్పుడు పది రోజులు వరండాలో పడుకున్నాను. ఆమె కువిలో చెప్పింది డాక్టరుగారికి నేనే తెలుగులో చెప్పేవాణ్ణి. మన ఏజెన్సీ రోగులు ఎక్కువగా అక్కడికే వస్తారు. రెండోది 2024లో 50 సీట్లతో మొదలైన పాడేరు. కొత్తదని కొందరు పెదవి విరుస్తారు గానీ, నాకు ఇంటికి ఒకే బస్సు. తర్వాత విజయనగరం, కాకినాడ రంగరాయ.

వార్డెన్ సారుకు ఒక మనవి. ఆప్షన్ల వారంలో మన కంప్యూటరు గది రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచి ఉంచండి సార్. నెట్ సెంటరుకు పోకుండా మేమే పెట్టుకుంటాం.

— ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ