మా ఊరికి వచ్చిన ‘పిన్ని’

మనుషుల అక్రమ రవాణా అంటే పిల్లల్ని లారీలో తోసి, తాళం వేసి ఎత్తుకుపోవడం అనుకునేదాన్ని. సినిమాల్లో అలాగే చూపిస్తారు కదా. మా ఊళ్లో అలా జరగలేదు.

వచ్చినావిడ మాకు దూరపు వరస. సంతలో అమ్మను పలకరించింది, మా ఇంట్లోనే చోడి అంబలి తాగింది. మేమూ ‘పిన్నీ’ అనే పిలిచాం. పట్నంలో పాపను ఆడించే పని ఉంది, తిండీ బట్టా వాళ్లదే, నెలనెలా డబ్బు పంపుతారు అంది. పక్కింటి అక్కకి అప్పుడు పదిహేనేళ్లు. వాళ్ల నాన్న చేతిలో అయిదు వేలు పెట్టింది. అక్క నవ్వుతూనే ఆటో ఎక్కింది. నేనూ చెయ్యి ఊపాను.

అక్కడ పాపా లేదు, ఏమీ లేదు. తెల్లారుజాము నుంచి రాత్రి పదకొండు దాకా ఇంటెడు చాకిరీ. ఫోను ఇవ్వరు, గడప దాటనివ్వరు. జీతం అడిగితే “మీ నాన్న బాకీ పదిహేను వేలు తీరనీ” అనేవారట. అయిదు పదిహేను ఎలా అయిందో ఎవరూ చెప్పలేదు. చివరికి ఎదురు కిరాణా కొట్టాయన 1098కి ఫోను చేస్తే అక్క బయటపడింది. ఆయన చేసింది ఒక్క ఫోనే!

“నవ్వుతూ వెళ్లింది కదా సార్, నేరం ఎలా అవుతుంది?” అని సోషల్ సారుని అడిగాను. మోసం చేసో, ఆశపెట్టో, బెదిరించో తరలించి దోచుకుంటే, వాళ్లు ఒప్పుకున్నారా లేదా అని చట్టం చూడదట. తీసుకెళ్లినవాళ్లే కాదు, దాచినవాళ్లూ, అప్పగించుకున్నవాళ్లూ దోషులే. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షను ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలైతే కనీసం పదేళ్ల జైలు. ఇక అడ్వాన్సు సంగతి. బాకీ పేరుతో మనిషిని కట్టిపడేస్తే అది వెట్టిచాకిరీ. 1976 చట్టం ఆ బాకీనే రద్దు చేసేసింది. ఈ ముక్క మా పెద్దవాళ్లకి తెలీదు. మాట తప్పకూడదని భయపడతారు.

సెలవుల్లో మీ ఊరికి అలాంటివాళ్లు వస్తే ఎవరింట్లో పని, ఏ వీధి, యజమాని ఫోను నంబరు ఎంత అని అడగండి. నీళ్లు నమిలితే అనుమానించాల్సిందే. బండి నంబరు రాసుకుని టీచరుకో, సర్పంచికో చెప్పండి. 1098కి రాత్రీపగలూ ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బులు పడవు. తొందరైతే 112. మీరే వెళ్లి గొడవకి దిగొద్దు, వాళ్లు జాగ్రత్తపడి పిల్లను ఇంకోచోటికి మార్చేస్తారు.

తిరిగొచ్చినవాళ్లని “అక్కడ ఏటయింది?” అని తవ్వకండి. బోరింగు దగ్గర అందరూ అడుగుతుంటే అక్క నీళ్లకి రావడమే మానేసింది. నేనూ అడిగినదాన్నే.

ఈ ఏడాది అక్క ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టింది. లెక్కలు నేను చెబుతున్నాను. ముందు వడ్డీ లెక్కలే చెప్పమంది.