జాబితాలో 14 లక్షల డాక్టర్లు, ఊళ్లో ఎందరు? బిలాస్‌పూర్ నేర్పే లెక్క

పేండ్రా రోడ్ వైపు నుంచి వచ్చే రైలు బిలాస్‌పూర్ జంక్షన్‌లో ఆగినప్పుడు, దిగేవాళ్లలో కొందరిని చూడగానే పోల్చుకోవచ్చు. చంకలో ఎక్స్‌రే కవరు, చేతిలో మడతలు పడిన మందుల చీటీ, పక్కన నెమ్మదిగా నడిచే ఓ పెద్దాయన. దాదాపు వంద కిలోమీటర్ల నుంచి డాక్టరును వెతుక్కుంటూ వచ్చినవాళ్లు.

అదే స్టేషన్‌కు కాస్త దూరంలో రైల్వే కాలనీ ఉంది. బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉద్యోగాల కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడిన వారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. రైల్వే ఉద్యోగికి జ్వరం వస్తే రైల్వే ఆసుపత్రి ఉంది, జీతం తీసుకునే డాక్టరు ఉన్నారు, మందులిచ్చే ఫార్మసీ ఉంది. రైలు దిగిన ఆ పెద్దాయనకు ఇవేవీ ఇంటి దగ్గర లేవు.

భారతదేశంలో నమోదైన అల్లోపతి వైద్యుల సంఖ్య 14 లక్షలకు చేరువైంది. మరి ఆయన ఇంత దూరం ఎందుకు రావాలి? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే దేశంలో వైద్యులు ఎందరున్నారో తెలిస్తే సరిపోదు. వాళ్లలో ఎవరెవరు ఉన్నారు, ఎక్కడ ఉన్నారు, ఏం పని చేస్తున్నారు అన్నవి కూడా తెలియాలి.

47 వేల నుంచి 14 లక్షలకు

స్వాతంత్ర్యానికి ముందు, 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించి 1946లో నివేదిక ఇచ్చింది. అప్పటి బ్రిటిష్ ఇండియా మొత్తానికి ఉన్న వైద్యులు సుమారు 47,500 మంది. అంటే దాదాపు 6,300 మందికి ఒక డాక్టరు. నర్సుల సంగతి మరీ ఘోరం: 43,000 మందికి ఒకరు.

ఆ 47,500 మందిలో పట్టభద్రులు 18 వేల లోపే. మిగిలిన సుమారు 30 వేల మంది తక్కువ కాలపు కోర్సు చదివిన లైసెన్షియేట్లు. మన పెద్దవాళ్లు ‘ఎల్‌ఎంపీ డాక్టరు’ అని చెప్పుకునేది వీళ్లనే. దేశంలో రెండు రకాల వైద్యులు వద్దని, అందరికీ ఒకే ప్రాథమిక పట్టా ఉండాలని భోర్ కమిటీ సిఫారసు చేసింది. గ్రామాలకు ఎల్‌ఎంపీలే దిక్కు, ఆ కోర్సు ఆపవద్దని కమిటీలో కొందరు సభ్యులు విభేదించారు. చివరికి మెజారిటీ మాటే నెగ్గింది. ఆ కోర్సులు క్రమంగా మూతపడ్డాయి. ఈ వాదన అక్కడితో ముగియలేదని తర్వాత బిలాస్‌పూర్ ప్రాంతంలోనే చూస్తాం.

ఇప్పటి సంఖ్యలకు వస్తే, 2013-14లో దేశంలో 387 వైద్య కళాశాలలు, 51,348 ఎంబీబీఎస్ సీట్లు ఉండేవి. 2024-25 నాటికి కళాశాలలు 780కి, సీట్లు 1.18 లక్షలకు పెరిగాయి. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడినప్పుడు ఆ రాష్ట్రంలో ఉన్నది రాయ్‌పూర్‌లోని ఒక్క వైద్య కళాశాలే. 2001లో బిలాస్‌పూర్‌లో ఛత్తీస్‌గఢ్ వైద్య విజ్ఞాన సంస్థ (సిమ్స్) మొదలైంది. తర్వాత జగ్‌దల్‌పూర్, రాయ్‌గఢ్, రాజ్‌నంద్‌గావ్, అంబికాపూర్‌లకు కూడా కళాశాలలు వచ్చాయి.

1:836 ఎలా వచ్చింది?

దేశంలో 836 మందికి ఒక డాక్టరు ఉన్నారని 2024లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఈ లెక్కను మనమే కట్టి చూడవచ్చు. రిజిస్టర్లలో ఉన్న అల్లోపతి వైద్యులు 13,86,136 మంది. వీరిలో 80 శాతం మంది అందుబాటులో ఉంటారన్నది ప్రభుత్వ అంచనా. అంటే సుమారు 11.09 లక్షలు. దీనికి 5.65 లక్షల మంది ఆయుష్ వైద్యులను కలిపితే 16.74 లక్షలు అవుతుంది. 140 కోట్ల జనాభాను ఆ సంఖ్యతో భాగిస్తే 836 వస్తుంది.

ఆయుష్ వైద్యులను పక్కన పెట్టి అల్లోపతి వైద్యులతోనే భాగిస్తే 1,262 వస్తుంది. దేశం అదే, సంవత్సరం అదే. ఎవరిని డాక్టరుగా లెక్కించాం అన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది.

‘వెయ్యి మందికి ఒక డాక్టరు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం’ అని తరచూ చదువుతుంటాం. నిజానికి ఆ సంస్థ వాడిన కొలమానాలు వేరు. అవి డాక్టర్లను, నర్సులను, ప్రసూతి సహాయకులను కలిపి చూస్తాయి. 2006లో పది వేల జనాభాకు సుమారు 23 మంది ఉండాలన్నారు. 2016లో దాన్ని 44.5కు పెంచారు. వైద్యం ఒక బృందం చేసే పని కాబట్టి లెక్క కూడా బృందానిదే కావాలన్నది ఇందులోని ఆలోచన.

జల్లెడ పడితే మిగిలేది

ఆ ఉమ్మడి కొలమానంతో భారత్ ఎక్కడుంది? 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనం వృత్తి మండళ్ల రిజిస్టర్లను, 2017-18 జాతీయ నమూనా సర్వేను పక్కపక్కన పెట్టి చూసింది. ఫలితాలను మూడు జల్లెడలుగా ఊహించుకోండి.

మొదటి జల్లెడ రిజిస్టరు. అందులో ఉన్న పేర్ల ప్రకారం పది వేల మందికి 8.8 మంది డాక్టర్లు, 17.7 మంది నర్సులు. మొత్తం 26.5. కానీ విదేశాలకు వెళ్లినవాళ్లు, పని మానేసినవాళ్లు, చనిపోయినవాళ్ల పేర్లు కూడా రిజిస్టరులో ఉండిపోతాయి.

రెండో జల్లెడ పని. నిజంగా పనిచేస్తున్నామని సర్వేలో చెప్పినవారిని మాత్రమే తీసుకుంటే డాక్టర్లు 6.1, నర్సులు 10.6. మొత్తం 16.7.

మూడో జల్లెడ అర్హత. పనిచేస్తున్నవారిలో తగిన చదువు ఉన్నవారిని మాత్రమే లెక్కిస్తే డాక్టర్లు 5, నర్సులు 6. మొత్తం 11. కావలసింది 44.5.

ఈ మూడో జల్లెడలో అంత తగ్గడం వింతేమీ కాదు. 2001 జనగణనలో తమను అల్లోపతి వైద్యులుగా చెప్పుకున్నవారిలో 57 శాతం మందికి వైద్య పట్టా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన ఒక విశ్లేషణ తేల్చింది. తెలుగు పల్లెల్లో ‘ఆర్‌ఎంపీ డాక్టరు’, ఛత్తీస్‌గఢ్‌లో ‘ఝోలా ఛాప్’ అని పిలిచేది ఇలాంటివారినే. అర్ధరాత్రి తలుపు తడితే తీసేది కూడా చాలాచోట్ల వాళ్లే.

ఇక నాలుగో జల్లెడ చోటు. అదే 2001 లెక్కల ప్రకారం, దేశ జనాభాలో 28 శాతం ఉన్న పట్టణాల్లో 59 శాతం ఆరోగ్య సిబ్బంది ఉన్నారు. సగటు అనే మాటతో వచ్చే చిక్కు ఇదే. ఒక గదిలో ఒక మూల మంట, మరో మూల మంచు ఉన్నా సగటు ఉష్ణోగ్రత హాయిగానే కనిపిస్తుంది. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాలలో సామాజిక ఆరోగ్య కేంద్రాలకు అవసరమైన సర్జన్లు, గైనకాలజిస్టులు, ఫిజీషియన్లు, పిల్లల వైద్యులలో దాదాపు 80 శాతం మంది కొరత ఉంది. పేండ్రా రోడ్ రైలు ఎక్కించేది ఆ 80 శాతమే.

ఒక సర్జన్, 83 ఆపరేషన్లు

ఈ కొరత ఎంత ప్రమాదకరమో బిలాస్‌పూర్‌కు తెలుసు. 2014 నవంబరు 8న పట్టణ సమీపంలోని పెండారీలో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒకే సర్జన్ కొద్ది గంటల్లో 83 మంది మహిళలకు ఆపరేషన్లు చేశారు. నిబంధనల ప్రకారం ఒక బృందం రోజుకు 30కి మించి చేయకూడదు. ఆ రోజుల్లో జిల్లాలో జరిగిన శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్న 13 మంది మహిళలు చనిపోయారు.

మరణాలకు కారణం అపరిశుభ్రతా, మందుల్లో లోపమా అన్న వాదన సాగింది. అది ఎటు తేలినా, ఒక వాస్తవం మిగులుతుంది. లాపరోస్కోపీతో ఈ ఆపరేషన్ చేయగల సర్జన్లు కొద్దిమందే ఉన్నచోట, సర్జన్ వచ్చే రోజు కోసం ఊళ్లన్నీ ఎదురుచూస్తాయి. దానికి లక్ష్యాల ఒత్తిడి తోడైతే ఆపరేషన్ బల్ల ముందు వరుస పెరుగుతుంది, ఒక్కొక్కరికి దక్కే నిమిషాలు తరుగుతాయి. ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపే దిశగా వెళ్లాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. శిబిరం ఆగాలంటే ఏడాది పొడవునా దగ్గరి ఆసుపత్రిలో శిక్షణ పొందిన బృందం ఉండాలి.

మూడేళ్ల వైద్యుల కథ

కొత్త రాష్ట్రానికి డాక్టర్లు దొరకని రోజుల్లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం భోర్ కమిటీ మూసిన తలుపు మళ్లీ తెరిచింది. 2001లో చట్టం చేసి మూడేళ్ల వైద్య కోర్సు ప్రారంభించింది. ఆ కోర్సు నడిచిన చోట్లలో పేండ్రా రోడ్ ఒకటి. అప్పట్లో అది బిలాస్‌పూర్ జిల్లాలోనే ఉండేది. ‘సగం డాక్టర్లు’ వద్దంటూ వైద్య సంఘాలు వ్యతిరేకించాయి. కోర్సు పేరు, పట్టా హోదాల మీద వివాదాలు ముదిరాయి. కొన్ని బ్యాచ్‌లతోనే కోర్సు ఆగిపోయింది. అప్పటికే చదివినవారిని ప్రభుత్వం గ్రామీణ వైద్య సహాయకులుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నియమించింది.

వీళ్లు ఎలా పనిచేశారు? అభిప్రాయాలకు బదులు కొలత కోసం పరిశోధకులు ఛత్తీస్‌గఢ్‌లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వెళ్లారు. మలేరియా, న్యుమోనియా, విరేచనాలు, క్షయ వంటి వాటితో వచ్చిన ఊహాజనిత రోగుల గురించి చెప్పి, ఏం అడుగుతారు, ఏం పరీక్షిస్తారు, ఏ మందు ఇస్తారు అని ప్రశ్నించారు. మూడేళ్లు చదివిన సహాయకులు ఈ సాధారణ జబ్బుల్లో ఎంబీబీఎస్ వైద్యులతో సమానంగా నిలిచారు. ఆయుష్ వైద్యులు వారి తర్వాత, పారామెడికల్ సిబ్బంది ఆఖరున వచ్చారు. అయితే ఎంబీబీఎస్ వైద్యులతో సహా అందరి మార్కులూ ఉండాల్సినంత లేవు. కాబట్టి మూడేళ్ల చదువు అన్నింటికీ చాలునని ఈ ఫలితం చెప్పదు. ప్రాథమిక కేంద్రంలో రోజూ ఎదురయ్యే జబ్బులకు మాత్రం, సరిగా నేర్పితే, అది పనికొస్తుందని చెబుతుంది.

న్యాయపరంగా దారి అంత సులువు కాదు. అస్సాం 2004లో తెచ్చిన ఇలాంటి చట్టం చెల్లదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అప్పటి భారత వైద్య మండలి చట్టంతో అది పొసగలేదు. మరోపక్క, 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టమే పరిమిత లైసెన్సుతో పనిచేసే సామాజిక ఆరోగ్య ప్రదాతలకు చోటిచ్చింది.

మితానిన్, బస్సెక్కిన రక్తపు స్లైడు

ఛత్తీస్‌గఢ్‌లో ఇద్దరు ఆడపిల్లలు ఊరి ముందు స్నేహం కట్టుకుంటే ఒకరికొకరు ‘మితానిన్’ అవుతారు. మన మాటలో నేస్తం. 2002లో రాష్ట్రం గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు ఆ పేరే పెట్టింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ తెచ్చిన ‘ఆశా’ పథకానికి ఈ అనుభవం దారి చూపింది. ఇప్పుడు దేశంలో సుమారు 10 లక్షల మంది ఆశా కార్యకర్తలున్నారు. 2022లో వీరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గౌరవం దక్కింది. అయినా డాక్టర్ల నిష్పత్తి లెక్కలో వీరు కనిపించరు, వీరికందేది నెలజీతం కాదు, ప్రోత్సాహకాలే.

బిలాస్‌పూర్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని గనియారీలో మరో ప్రయోగం ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు యువ వైద్యులు స్థాపించిన జన్ స్వాస్థ్య సహయోగ్ అక్కడ ఆసుపత్రి నడుపుతోంది. అచానక్‌మార్ అడవి పల్లెల్లో పెద్దగా చదువుకోని స్త్రీలకు ఈ సంస్థ ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ ఇచ్చింది. జ్వరం వచ్చినవారి నుంచి వీళ్లు రక్తపు చుక్క తీసి స్లైడు మీద పూస్తారు. ఆ స్లైడు బస్సులో గనియారీ చేరుతుంది, అక్కడి ప్రయోగశాలలో మలేరియా ఉందో లేదో తేలుతుంది. రోగి బదులు స్లైడు ప్రయాణిస్తుంది. డాక్టర్ల సంఖ్య ఒక్కటి కూడా పెరగకుండానే ఒక ఊరికి రోగ నిర్ధారణ అందింది.

ఇక ముందు ఏం మారుతుంది?

సంఖ్య ఎలాగూ పెరుగుతుంది. 1.18 లక్షల సీట్లన్నీ నిండితే, ఏటా వచ్చి చేరేది ఇప్పుడున్న వైద్యులలో దాదాపు 8.5 శాతం. కానీ ఈ నీళ్లు ట్యాంకుకు ఆలస్యంగా చేరతాయి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్‌కు ఐదున్నరేళ్లు, స్పెషలిస్టు కావడానికి మరో మూడేళ్లు. 2024లో పెరిగిన సీటు నుంచి సర్జన్ రావాలంటే 2033 దాకా ఆగాలి. ఈలోగా వైద్యుల్లో యువత వాటా పెరుగుతుంది. వాళ్లకు పక్కన నిలబడి నేర్పే అనుభవజ్ఞులు సరిపడా ఉండాలి.

కూర్పు కూడా మారుతోంది. 2001లో వైద్యుల్లో స్త్రీలు 17 శాతమే. ఇప్పుడు ఎంబీబీఎస్ తరగతుల్లో దాదాపు సగం మంది అమ్మాయిలు. రాత్రి డ్యూటీకి భద్రత, ఉండడానికి క్వార్టర్, పిల్లలకు బడి లేని ఊరికి వాళ్లు ఎలా వెళ్తారన్నది ఇక పక్కన పెట్టగల ప్రశ్న కాదు.

నర్సుల పాత్రా పెరిగింది. 2018 ఏప్రిల్ 14న దేశంలో మొదటి ఆరోగ్య స్వస్థత కేంద్రం బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో, మన తెలంగాణ సరిహద్దు జిల్లాలోనే మొదలైంది. ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్లుగా పిలుస్తున్న ఇలాంటి కేంద్రాలు దేశంలో 1.7 లక్షలకు పైగా ఉన్నాయి. ఉపకేంద్రం స్థాయిలో వీటిని నడిపే సామాజిక ఆరోగ్య అధికారులలో చాలామంది నర్సింగ్ చదివి, అదనపు శిక్షణ పొందినవారే. బీపీ, షుగరు మాత్రలు వీరి దగ్గరే దొరికితే నెలనెలా రైలెక్కే పని తప్పుతుంది.

ఈసారి ‘ఇంతమందికి ఒక డాక్టరు’ అన్న వార్త కనిపిస్తే మూడు ప్రశ్నలు వేసి చూడండి. ఎవరిని లెక్కించారు? వాళ్లు పనిచేస్తున్నారా? ఏ ఊళ్లో? రైల్వే కాలనీలో ఉన్నంత దగ్గరగా పేండ్రా రోడ్ పెద్దాయనకు కూడా వైద్యం అందిందో లేదో తెలిపేది ఆ మూడో ప్రశ్నకు వచ్చే జవాబే.