ఇంటి తాళంచెవి ఎవరి చేతిలో?
పుట్టపర్తి సీమలో దాతల ఇళ్లు – కూలీల హక్కు

పుట్టపర్తిలో బస్సు దిగితే కళ్లబడేవి లాడ్జీలు, అపార్టుమెంట్లు. 1950లో ప్రశాంతి నిలయం కట్టిన నాటి నుంచి దేశదేశాల భక్తులు వస్తూనే ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో ఈ ఊరు జిల్లా కేంద్రం కూడా అయింది. జాగా ధర కూలివాళ్లకు అందని ఎత్తుకు పోయింది. ఈ మేడలకు ఇటుకలు మోసినవాళ్లకు సొంత ఇల్లు ఎట్లా రావాలి? మేము అడుగుతున్నది ఇదే.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. వేరుశనగ ఎండితే బెంగళూరు బస్సెక్కడమే. వలసపోయే కుటుంబానికి ఇల్లు అంటే ఎండకు నీడ మాత్రమే కాదు. ముసలివాళ్లనూ, బడికిపోయే పిల్లలనూ, నాలుగు గింజలనూ వదిలి పోవడానికి తాళం వేసే తలుపు. బోద కొట్టానికి ఏం తాళం వేస్తారు? వాన పడితే ఉరిసే మట్టి మిద్దెలో రేషన్ కార్డు, పట్టా పుస్తకం ఎక్కడ దాచుకుంటారు?

ఈ సీమలో దాతల ఇళ్లు అనగానే జనం నోట వచ్చే పేరు ఆర్‌డీటీ. స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్‌ను 1968లో మహారాష్ట్ర నుంచి పంపించి వేశారు. మరుసటి ఏడు ఆయన అనంతపురం చేరి ఈ సంస్థను మొదలుపెట్టారు. 2009లో కన్నుమూశారు. బత్తలపల్లి ఆసుపత్రి ఈ సంస్థదే. దళిత వాడల్లో, గిరిజన తండాల్లో, వికలాంగులున్న కుటుంబాలకు ఇళ్లు కట్టించింది. అన్నిటికన్నా పెద్ద మాట, ఆ ఇళ్లను ఆడమనిషి పేర రాయించడం. తాగివచ్చిన మొగుడు “బయటికి పో” అంటే, పోవాల్సింది ఎవరో ఆ కాగితమే చెబుతుంది. ఇది చిన్న మార్పు కాదు.

తెలుగునాట మరో పద్ధతి కూడా వచ్చింది. అమెరికాలో 1976లో పుట్టిన హాబిటాట్ సంస్థ మన దేశంలో తొలి పని 1983లో ఖమ్మంలో మొదలుపెట్టింది. దాని సూత్రం ఏమంటే, కుటుంబం తన ఒళ్లు వంచి పనిచేయాలి, ఖర్చును లాభం లేని అప్పుగా వాయిదాల్లో తీర్చాలి. ఉచితం కాదు గనుక ఆత్మగౌరవం మిగులుతుందంటారు. ఒప్పుకుంటాము. అయితే వానలు పోయిన ఏడు వాయిదా ఎవరు కడతారు? నెల జీతగానికి కుదిరిన లెక్క, వరసగా నాలుగు కరువులు చూసిన కూలికి కుదరదు.

దాతలను మేము తక్కువ చేసి మాట్లాడడం లేదు. కానీ దాత గోడ కట్టగలడు గాని జాగా పంచలేడు. భూమి పంచాల్సింది ప్రభుత్వమే. పైగా దాత చేయి కూడా కట్టుబడే ఉంటుంది. బయటి దేశాల డబ్బుకు 2010 చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. 2025లో ఆర్‌డీటీ అనుమతి చిక్కులో పడినప్పుడు అనంతపురం సీమ జనం వీధికెక్కారు. ఢిల్లీలో ఒక కాగితం ఆగితే పల్లెలో పునాది ఆగే ఏర్పాటు ఇది.

మరి ప్రభుత్వం ఏం ఇచ్చింది? 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతా పట్టాల పంపిణీ మొదలయింది. అవి కూడా ఆడవాళ్ల పేరనే, అది మంచిదే. కొలత మాత్రం పల్లెలో ఒకటిన్నర సెంటు, పట్నంలో సెంటు. ఒకటిన్నర సెంటు అంటే 72 గజాలు. అందులో మేకలను ఎక్కడ కట్టాలి, గడ్డివామి ఎక్కడ వేయాలి, పెద్ద కొడుకుకు పెళ్లయితే ఏ మూల పడుకోవాలి? ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చింది లక్షా ఎనభై వేలు. సిమెంటు, కమ్మీ, బేల్దారి కూలి లెక్కేస్తే తక్కినది అప్పే. 2024 ఎన్నికల్లో కూటమి పల్లెల్లో మూడు సెంట్లు, పట్నాల్లో రెండు సెంట్లు ఇస్తామన్నది. ఆ మాటను ప్రతి మండలాఫీసు ముందూ గుర్తు చేయాలి.

కూలి అన్నలూ, అక్కలూ, లబ్ధిదారుల జాబితాను గ్రామసభలో పైకి చదివించండి. బిల్లు పునాదికి ఒకటి, గోడలకు ఒకటి, కప్పుకు ఒకటి వస్తుంది. ఏ దశ బిల్లు ఏ తేదీన రాశారో ఇంజనీరును అడిగి నోటుబుక్కులో వేసుకోండి. ప్రభుత్వమిచ్చిన జాగాను వడ్డీవ్యాపారి చేతికి పోనీకండి. పేదల అసైన్డు జాగాలకు 1977 చట్టం అండ ఉంది.