రౌతు కొద్దీ గుర్రం

ఏటా మే నెల మొదటి శనివారం సాయంత్రం మన ఇళ్ళలో కూడా టీవీ ముందు కాసేపు సందడే. కెంటకీ డెర్బీ! ఆడవాళ్ళ పెద్ద పెద్ద టోపీలు, గెలిచిన గుర్రానికి గులాబీలు, మధ్యలో రెండు నిమిషాల పరుగు. మైలుంపావు దూరాన్ని 1973లో సెక్రటేరియట్ రెండు నిమిషాల లోపే ముగించిన సంగతి పందేల మొహం చూడనివాళ్ళకి కూడా తెలుసు. గుర్రాల పేర్లు అలా నిలిచిపోతాయి. రౌతుల సంగతే ఎవరికీ పట్టదు. "రౌతు కొద్దీ గుర్రం" అన్న సామెత ఉన్నవాళ్ళం కదా, మనమైనా పట్టించుకుందాం.

1872లో మెరివెదర్ లూయిస్ క్లార్క్ అనే కుర్రాడు ఇంగ్లండు వెళ్ళి, అక్కడ 1780 నుంచీ జరుగుతున్న ఎప్సమ్ డెర్బీ చూసి ముచ్చటపడ్డాడు. తిరిగొచ్చి, లూయివిల్‌లో మేనమామల భూమి లీజుకి తీసుకుని మైదానం కట్టించాడు. ఆ మేనమామల ఇంటిపేరే చర్చిల్. చర్చిల్ డౌన్స్ అన్న పేరు అలా వచ్చింది. తొలి డెర్బీ 1875 మే 17న జరిగింది. అప్పట్లో దూరం మైలున్నర. 1896లో మైలుంపావుకి తగ్గించారు.

ఆ తొలి పందెంలో పరుగెత్తినవి 15 గుర్రాలు. వాటి రౌతుల్లో 13 మంది నల్లవాళ్ళు. గెలిచిన గుర్రం అరిస్టైడీస్, రౌతు ఆలివర్ లూయిస్. దాన్ని తయారుచేసిన ట్రైనర్ ఆన్సెల్ విలియమ్సన్ పుట్టుకతో బానిస. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. దక్షిణాది జమీందార్ల గుర్రపుశాలల్లో తోమడం, మేపడం, మాలిమి చేయడం, పందెంలో ఎక్కి తోలడం అన్నీ బానిసల చేతుల మీదే నడిచాయి. అంతర్యుద్ధం ముగిసి స్వేచ్ఛ వచ్చింది; విద్య వాళ్ళ చేతుల్లోనే ఉంది. మొదటి 28 డెర్బీల్లో 15 నల్ల రౌతులే గెలిచారు. ఐజాక్ మర్ఫీ ఒక్కడే మూడుసార్లు, 1884, 1890, 1891లో.

మరి ఏమయ్యారు? పందేల్లో డబ్బు పెరిగింది, బయట జాతి వేర్పాటు చట్టాలు బిగిశాయి. తెల్ల రౌతులు కూడబలుక్కుని వీళ్ళ గుర్రాలను కంచె వైపుకి నెట్టేవారు, కొరడాలతో కొట్టేవారు. గుర్రం గాయపడితే నష్టం యజమానిదే కదా! ఆ భయంతో యజమానులు వీళ్ళకి గుర్రాలివ్వడం మానేశారు. ఏ చట్టమూ "నువ్వు ఎక్కకూడదు" అనలేదు. పిలుపు రావడం ఆగిపోయింది, అంతే. 1921 తర్వాత మళ్ళీ ఒక నల్ల రౌతు డెర్బీలో కనిపించింది 2000లో.

1901, 1902 డెర్బీలు వరసగా గెలిచిన జిమ్మీ వింక్‌ఫీల్డ్ పొట్ట చేతపట్టుకుని రష్యా వెళ్ళిపోయాడు. అక్కడ గొప్ప పేరు తెచ్చుకున్నాడు. విప్లవం వచ్చాక, 1919లో, మరికొందరితో కలిసి రెండు వందలకు పైగా మేలుజాతి గుర్రాలను ఒడెస్సా నుంచి పోలండుకి తోలుకొచ్చాడు. ఆ తర్వాత ఫ్రాన్సులో స్థిరపడ్డాడు.

1961లో డెర్బీ ముందు జరిగే విందుకి పిలుపొస్తే, కూతురితో కలిసి లూయివిల్ వచ్చాడు. హోటల్ ముందు ద్వారం దగ్గరే ఆపేశారు. ఆహ్వానితులమని చెప్పి చెప్పి, చాలాసేపటికి లోపలికి వెళ్ళగలిగారు. లోపల కూడా పలకరించినవాళ్ళు తక్కువే. వాళ్ళలో ఒకరు రాస్కో గూస్, 1913 డెర్బీ గెలిచిన తెల్ల రౌతు.